రెండో చేతి షిఫ్ట్

పూర్ణచంద్రరావుకి పాఠం చెప్పడం రాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ ఉదయం ఒకావిడ అంది. అదీ విద్యార్థులందరి ముందు, గుమ్మంలో నిలబడి, కింద వీధిలోకి వినిపించేటట్టు.

అందుకని అతను ఇన్‌స్టిట్యూట్‌ని అలాగే వదిలేసి, ఎండలో గొడుగైనా లేకుండా, దానియేలు మాస్టారింటికి వచ్చిపడ్డాడు.

చిలకలూరిపేటలో ఒక తరానికి టైపు నేర్పింది దానియేలు మాస్టారు. కోర్టు గుమస్తాలు, పొగాకు కంపెనీల్లో ఉత్తరాలు కొట్టేవాళ్లు, ఇంట్లోంచి మొదటిసారి ఆఫీసుకని బయల్దేరిన ఆడపిల్లలు, అందరూ ఆయన దగ్గర వేళ్లు సరిచేయించుకున్నవాళ్లే. మోకాళ్లు మొరాయించాక ఆయన ఇన్‌స్టిట్యూట్‌ని ముఖ్య శిష్యుడు పూర్ణచంద్రరావు చేతిలో పెట్టి ఇంటిపట్టున ఉండిపోయారు. శిష్యుడు పాత మిషన్లు తీసేసి కంప్యూటర్లు తెచ్చాడు. పాఠం మాత్రం మార్చలేదు. గురువు చెప్పిన మాటల్లో ఒక్కటంటే ఒక్కటి మార్చలేదు. అదే అతని గర్వం.

మాస్టారు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆయన భార్య ఎస్తేరమ్మ శిష్యుడి వాలకం చూసింది.

"ఏంది పూర్ణా, ఎవరన్నా తరిమారా?"

"తరమలేదమ్మా. తిట్టారు."

"అయితే ఫర్వాలేదు, కూర్చో. తరిమించుకుని వస్తే మంచినీళ్లు, తిట్టించుకుని వస్తే మజ్జిగ."

అతను నవ్వలేదు. మాస్టారికి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"సైదాబీ అని ఒకావిడ మాస్టారూ. జిన్నింగు మిల్లులో పనిచేసేది. దూది మిషన్లో పడి కుడిచెయ్యి పోయింది. మణికట్టు దగ్గర్నించి లేదు."

"విన్నాను. తర్వాత మిల్లువాళ్లు ఏం చేశారు?"

"మంచివాళ్లే మాస్టారూ. కాటా దగ్గర ఆఫీసులో కూర్చోబెడతామన్నారు. వచ్చే లారీల నంబర్లు, బేళ్ల తూకాలు కంప్యూటర్లో కొట్టే పని. టైపు వచ్చినట్టు మన ఇన్‌స్టిట్యూట్ నుంచి సర్టిఫికెట్టు తెమ్మన్నారు. రేపే గడువు. తేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు."

మాస్టారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"చెయ్యి తీసుకున్నవాళ్లే పరీక్ష కూడా పెట్టారన్నమాట."

"ఎంతైనా వాళ్లకీ పని జరగాలి కదండీ."

"అవును. మంచివాళ్లే అన్నావుగా. చెప్పు."

పూర్ణచంద్రరావు చెప్పుకొచ్చాడు. సైదాబీ వచ్చినప్పుడు కాదనకుండా చేర్చుకున్నాడట. కిటికీ పక్కన, గాలి తగిలే చోటు ఇచ్చాడట. ఆవిడ ఎడమచేత్తోనే మీటలన్నీ నేర్చుకుంది. వేగం కూడా వచ్చింది. ఆ విషయంలో అబద్ధమాడనని చెంపలు వేసుకున్నంత పనిచేశాడు. చిక్కంతా షిఫ్ట్ దగ్గర వచ్చింది.

షిఫ్ట్ సంగతి టైపు కొట్టినవాళ్లందరికీ తెలుసు. పెద్దక్షరం పడాలన్నా, అంకెల నెత్తి మీదుండే గుర్తులు పడాలన్నా ఆ మీటని నొక్కిపట్టి ఉంచాలి, అదే సమయంలో రెండో మీట కొట్టాలి. రెండు చేతులున్నవాళ్లు ఆ పని చేస్తున్నట్టు తమకే తెలియకుండా చేస్తారు. ఒక్క చెయ్యే ఉన్న మనిషికి వేళ్లు అంత దూరం సాగవు, అక్కడే దారి ఆగిపోతుంది.

"పెద్దక్షరాలకి క్యాప్స్ లాకు వేసుకోమన్నాను. అక్షరాలకి సరిపోయింది. గుర్తులకి అది పనిచెయ్యదు. బ్రాకెట్టు కావాలన్నా, శాతం గుర్తు కావాలన్నా షిఫ్ట్ తప్పదు."

"మరి ఏం చేసేది?"

"మొండిచేత్తో నొక్కేది మాస్టారూ. అది జారి పక్క మీటల మీద పడేది. తోలు రేగి నెత్తురొచ్చేది. గుడ్డ చుట్టుకుని మళ్లీ కొట్టేది."

ఎస్తేరమ్మ మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది.

"నువ్వు చూస్తా ఉన్నావా?" అంది.

"జాలేసిందమ్మా. రాయికి కూడా జాలేస్తుంది."

చెయ్యి పోయిన మనిషిని చూసి జాలిపడేవాళ్లు పేటలో వీధికొకరు దొరుకుతారు. పళ్లు తెస్తారు, అయ్యో అంటారు, దేవుడున్నాడంటారు. గుమ్మానికి అడ్డంగా నిలబడి మరీ అంటారు. కొంచెం పక్కకి జరగండి, లోపలికి పోతాం అంటే మాత్రం ఆ జాలి ముఖాలు ఎంత తొందరగా మారిపోతాయో, అడిగి చూసినవాళ్లకే తెలుసు.

"ఒకరోజు ఆవిడకి విసుగొచ్చింది," అన్నాడు పూర్ణచంద్రరావు. "షిఫ్ట్ మీట మీద కోపంగా టపటపా కొట్టింది. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. స్టిక్కీ కీస్ ఆన్ చెయ్యమంటారా అని అడుగుతూ. ఈవిడ అవునని కొట్టేసింది. అక్కణ్నించి షిఫ్ట్‌ని పట్టుకుని ఉండక్కర్లేదు. ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, కంప్యూటరు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత కొట్టిన మీటకి కలిపేస్తుంది. ఒక చేత్తో, ఒకదాని తర్వాత ఒకటి, ఏం కావాలన్నా కొట్టుకోవచ్చు."

"అది ఎవరు తెచ్చి పెట్టారు?"

"ఎవరూ తేలేదండీ. కంప్యూటరుతోనే వస్తుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అని ఒక భాగం ఉంది. చూపు ఆననివాళ్లకి అక్షరాలు పెద్దవి చేస్తుంది. అసలు చూపే లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. చేతులు వణికేవాళ్లకి ఒక మీట రెండుసార్లు పడకుండా చూస్తుంది. అన్నీ అందులోనే."

"మనం కొన్న ప్రతి కంప్యూటర్లోనూ ఉందా?"

"ప్రతి దాంట్లోనూ."

"మరి ఇంకేం. గొడవ ఎక్కడొచ్చింది?"

పూర్ణచంద్రరావు నిటారుగా కూర్చున్నాడు. ఇక్కడిదాకా చెప్పిందంతా సంజాయిషీ. ఇప్పుడు చెప్పబోయేది ప్రతాపం.

"తాళం వేశాను మాస్టారూ. నా పాస్‌వర్డ్ లేకుండా అన్ని కంప్యూటర్లలోనూ ఆ భాగం తెరుచుకోకుండా చేశాను."

మాస్టారు తలెత్తి చూశారు. అది మెచ్చుకోలనుకుని శిష్యుడు ఊపందుకున్నాడు.

"ఎడమచేతి అక్షరానికి కుడిచేతి షిఫ్ట్. కుడిచేతి అక్షరానికి ఎడమచేతి షిఫ్ట్. ఎప్పుడూ రెండో చేతి చిటికెనవేలే. అది మీ సూత్రం. తప్పితే మీరు స్కేలుతో కణుపుల మీద కొట్టేవారు. నేను తిన్న దెబ్బలు నాకింకా గుర్తే. ఒకదాని తర్వాత ఒకటి కొడితే అది టైపవుతుందా మాస్టారూ? అక్కడ సగం పని మిషను చేసినట్టు కదా! దానికి నేను సంతకం పెడితే ఇన్‌స్టిట్యూట్ పేరు ఏమైపోవాలి? మీ పేరు ఏమైపోవాలి?"

"ఇవాళ ఏం జరిగింది?"

"పరీక్ష పెట్టాను. మామూలుగా అందరికీ ఎలాగో అలాగే. గుర్తులున్న ప్రతి చోటా తప్పింది. తప్పిన ప్రతి చోటా కోత వేశాను. ఫెయిలైంది. ఇక చూడండి, నోరు చేసుకుంది!"

"ఏమంది?"

చెప్పడానికి అతనికి కష్టమైంది.

"'మీకు పాఠం చెప్పటం రాదు సార్, కాపలా కాయటం వచ్చు' అంది."

"బాగానే అందిగా," అంది ఎస్తేరమ్మ లోపల్నించి.

మాస్టారు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టారు. చేతులు కడుక్కున్నారు. చిలక్కొయ్యకి ఉన్న చొక్కా తీసి తొడుక్కోవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికండీ?" అన్నాడు శిష్యుడు.

"ఇన్‌స్టిట్యూట్‌కి. చూసి చాలా రోజులైంది."

"మీ మోకాళ్లు..."

"మోకాళ్ల సంగతి మెట్లు చూసుకుంటాయిలే. పద."

దారిలో శిష్యుడికి ధైర్యం వచ్చింది. గురువు స్వయంగా వచ్చి ఆవిణ్ని మందలిస్తారనుకున్నాడు. పిల్లలందరి ముందు పోయిన మర్యాద ఆ పిల్లలందరి ముందే తిరిగొస్తుందనుకున్నాడు.

ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. మెట్లు నిటారుగా ఉంటాయి. మాస్టారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతుంటే పూర్ణచంద్రరావు చెయ్యందించాడు. ఆయన పుచ్చుకున్నారు. మధ్యలో ఆయాసం తీర్చుకోవడానికి ఆగారు.

"నేను టైపు నేర్చుకుంటానని వెళ్లినప్పుడు ఒకాయన నన్ను గుమ్మం బయట నిలబెట్టాడ్రా," అన్నారు. "తిట్టలేదు. కసురుకోనూ లేదు. ఒక సూత్రం చెప్పాడు."

"ఏం సూత్రం మాస్టారూ?"

"ఇప్పుడెందుకు అది. వినడానికి మాత్రం చాలా పద్ధతిగా ఉండేది."

మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు.

సైదాబీ వెళ్లిపోలేదు. పై మెట్టు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొండిచేతికి చుట్టిన గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుంది. మాస్టారిని చూసి గబుక్కున లేచింది.

"పెద్దసారా! మీరెందుకు ఎక్కొచ్చారయ్యా ఈ మెట్లు?"

"నువ్వు అరిచావంట కదమ్మా. మా ఇంటిదాకా వినపడలేదు. ఇంకోసారి అరిచి చూపించు, వింటాను."

ఆవిడ పూర్ణచంద్రరావు వైపు చూసింది. మళ్లీ మాస్టారి వైపు చూసింది. ఎగతాళి చేస్తున్నారేమో అనుకుంది. ఆయన ముఖంలో ఎగతాళి కనపడలేదు. గోడకి ఆనుకుని, వినడానికే వచ్చినట్టు నిలబడ్డారాయన.

"ఏం అరవమంటారు సార్," అంది. గొంతు తగ్గించి మొదలుపెట్టింది గానీ అది తగ్గి ఉండలేదు. "చెయ్యి పోయినప్పుడు మిల్లోళ్లు బత్తాయిలు తెచ్చారు. ఈ సారు కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. అందరూ మంచోళ్లే. బత్తాయిలు తిన్నా, గాలి పీల్చుకున్నా. ఇప్పుడు నా పని నన్ను చేసుకోనియ్యండి అంటన్నా. ఎవురి దగ్గరా ఏదీ అప్పడగలా. సార్, నా చెయ్యి పోయిన కాడ్నించీ నీకేం కావాలి అని నన్ను అడిగిన మనిషి ఒక్కడు లేడు. ఆ కంప్యూటరు అడిగింది. ఇది ఆన్ చెయ్యమంటావా అని తెర మీద రాసి మరీ అడిగింది. అవునన్నా. మర్నాడొచ్చి చూస్తే ఈ సారు దాని నోరు మూసేశాడు."

"చూశారా మాస్టారూ, ఎలా మాట్లాడుతుందో!" అన్నాడు పూర్ణచంద్రరావు.

"విన్నాను. తప్పేమీ పడలేదు. నువ్వు కానీ అమ్మా."

"ఇంకేముంది. రేపటికి ఆ కాయితం లేకపోతే కుర్చీ పోయిద్ది. కుర్చీ పోతే మిల్లు గేటు పోయిద్ది. ఈ చేత్తో బయట నాకు ఇంకో పని ఎవురిస్తారు? సార్‌కి ఆయన సూత్రం పోయిద్దని బెంగ. నాకు బతుకు పోయిద్దని."

మాస్టారు తల ఊపారు. లోపలికి నడిచారు. ఇద్దరూ ఆయన వెనకే వెళ్లారు.

హాలు నిండా కంప్యూటర్లు. వాటి ముందు ఆడపిల్లలు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. పెద్దాయన వచ్చారని అందరూ లేచి నిలబడి, ఆయన చెయ్యి ఊపాక మళ్లీ కూర్చున్నారు. ఎదురుగా గోడ దగ్గర ఎత్తైన పీట, దాని మీద ఎర్ర గుడ్డ, గుడ్డ మీద పాత టైపు మిషను ఒకటి. మాస్టారు తన చేతులతో చాలా ఏళ్లు వాడిన మిషను అది. పాతవన్నీ అమ్మేసినప్పుడు పూర్ణచంద్రరావు దీన్ని మాత్రం ఉంచుకున్నాడు. రోజూ పొద్దున్నే తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి, రోలరు మీద ఒక మందారప్పువ్వు పెట్టి, అగరొత్తి వెలిగించాకే తరగతి మొదలుపెడతాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొత్తగా చేరిన పిల్లలు ముందు దానికి దణ్ణం పెట్టుకుని అప్పుడు కంప్యూటరు ముందు కూర్చోవాలి.

మాస్టారు దాన్ని కాసేపు చూశారు.

"ఆ పువ్వు తియ్."

"మాస్టారూ, అది మీ మిషనండీ."

"నాదే. అందుకే చెబుతున్నా. పువ్వు తీసి, దాన్ని మోసుకొచ్చి ఈ కంప్యూటరు పక్కన పెట్టు."

పూర్ణచంద్రరావు పువ్వు తీసి కళ్లకద్దుకుని కిటికీలో పెట్టాడు. మిషనుని రెండు చేతులతో ఎత్తాడు. ఇనుము. మెడ నరాలు ఉబ్బాయి. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి సైదాబీ కూర్చునే బల్ల మీద దించాడు. బల్ల కిర్రుమంది. హాల్లో మీటల చప్పుడు ఆగిపోయింది.

"కాయితం ఎక్కించు. కూర్చో."

కూర్చున్నాడు.

"షిఫ్ట్ నొక్కు. చూస్తూ నొక్కు."

చిటికెనవేలు కింద మీట బరువుగా దిగింది. రోలరుతో సహా పై భాగమంతా ఒక్కసారిగా పైకి లేచింది.

"ఏం లేచింది?"

"క్యారేజీ లేచింది మాస్టారూ."

"పట్టుకుని ఉండకుండా, ఊరికే నొక్కి వదిలేసి అక్షరం కొట్టు."

కొట్టాడు. క్యారేజీ కిందకి పడుతుండగా అక్షరం కాయితానికి తగిలింది. నడుము విరిగినట్టు సగం పైన, సగం కింద పడింది.

"ఎందుకలా పడింది?"

ఇది శిష్యుడికి కంఠతా వచ్చిన పాఠం. ముఖం వెలిగింది. పిల్లలకి కూడా వినపడాలని గట్టిగా చెప్పాడు. "క్యారేజీ బరువండీ! షిఫ్ట్ వదిలేస్తే అది కిందకి పడిపోతుంది. అక్షరం పడేదాకా దాన్ని పైన నిలబెట్టి ఉంచాలి. ఆ బరువు మొయ్యడానికే రెండో చెయ్యి. అందుకే మీరు ఆ సూత్రం పెట్టారు."

"కారణం తెలుసన్నమాట."

"మీరు చెప్పింది ఒక్క ముక్క మర్చిపోలేదు మాస్టారూ."

"మంచిది. ఇప్పుడు ఈ పక్కదాని మీద షిఫ్ట్ నొక్కు."

పూర్ణచంద్రరావు కుర్చీ జరుపుకుని కంప్యూటరు మీద షిఫ్ట్ నొక్కాడు. చప్పుడైనా సరిగా కాలేదు.

"ఏం లేచింది?"

అతను తెర వంక చూశాడు. మీటల పలక వంక చూశాడు.

"నొక్కే ఉంచు. వంగి చూడు. వెనకాల కూడా చూడు."

గురువు చెప్పారు కాబట్టి వంగి బల్ల కిందకి చూశాడు. మెడ చాచి తెర వెనక్కి చూశాడు. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. మాస్టారు ఆ వైపు చూశారు. నవ్వు ఆగిపోయింది. సైదాబీ మాత్రం నవ్వలేదు. గుడ్డని చేతిలో నలుపుతూ నిలబడింది.

"ఏమీ లేవలేదు మాస్టారూ."

"సరిగా చూశావా?"

"చూశానండీ. ఏమీ లేవలేదు."

"మరి ఈ అమ్మాయి చేత ఏం మోయిస్తున్నావురా?"

పైన ఫ్యాను తిరుగుతోంది. మిషన్లో కాయితం కొస రెపరెపలాడుతోంది. పూర్ణచంద్రరావు వేలు ఇంకా షిఫ్ట్ మీదే ఉంది. తియ్యడం మర్చిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

వేలు తీశాడు. సెట్టింగుల్లోకి వెళ్లాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. మొదటిసారి తప్పు పడింది. రెండోసారి తెరుచుకుంది. స్టిక్కీ కీస్ ఆన్ చేసి కుర్చీలోంచి లేచాడు.

"రామ్మా. కూర్చో. పరీక్ష మళ్లీ రాద్దువుగాని."

సైదాబీ కూర్చుంది. ఈసారి మొండిచేతికి గుడ్డ చుట్టుకోలేదు. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ఉదయం ఇచ్చిన పాఠమే మళ్లీ పెట్టాడు పూర్ణచంద్రరావు. దాన్నిండా బ్రాకెట్లు, శాతాలు, మధ్యమధ్య పెద్దక్షరాలు. ఎడమచెయ్యి మీటల మీద ఆ చివరికీ ఈ చివరికీ పరుగులు పెట్టింది. షిఫ్ట్ నొక్కి వదిలేసింది, గుర్తు కొట్టింది. మళ్లీ షిఫ్ట్, మళ్లీ పెద్దక్షరం. పిల్లలందరూ తమ పని మానేసి చూస్తున్నారు. ఆవిడ తల ఎత్తలేదు. పెదవులు బిగించి, పొద్దున జరిగిన రభసంతా ఆ మీటల మీదే తీర్చుకుంటున్నట్టు కొట్టింది.

పరీక్ష ముగిసిన గంట కొట్టాక పూర్ణచంద్రరావు ఆవిడ కొట్టినదాన్ని కాయితం మీద ప్రింటు తీసి ఎర్రపెన్నుతో దిద్దడానికి కూర్చున్నాడు. పైనుంచి కిందకి చూశాడు. ఒక చోట ఆగాడు, పెన్ను ఎత్తాడు, మళ్లీ చదివాడు, దించేశాడు. మరోచోట ఒక అక్షరం తప్పింది. దానికి కోత వేశాడు. అది న్యాయమైన కోతే. ఆవిడ కూడా ఒప్పుకుంది. కాయితం చివరికి వచ్చేసరికి పాసవడానికి కావలసిన వాటికంటే చాలా ఎక్కువ మార్కులే మిగిలాయి.

సర్టిఫికెట్టు తీసి పేరు రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. సిరా ఆరేదాకా ఊది సైదాబీ చేతికిచ్చాడు. అతని మనసు తేలికపడింది. తేలికపడ్డ మనసులో పాత మంచితనం కూడా మెల్లగా తిరిగొచ్చింది.

"రేపు తీసుకెళ్లి ఇచ్చెయ్యమ్మా. నీకోసం ప్రత్యేకంగా తెరిచాను. ఇంకెవరికైనా అయితే తెరిచేవాణ్ని కాదు," అన్నాడు. మౌసు మీద చెయ్యి వేశాడు. "నీ పని అయిపోయింది కదా, తాళం మళ్లీ వేసేస్తాను."

సైదాబీ కాయితాన్ని చంకలో పెట్టుకుంది. ఉన్న ఒక్క చెయ్యీ నుదుటిదాకా ఎత్తి సలాం చెయ్యబోయింది. ఎంత కోపంగా ఉన్నా మేలు చేసినవాళ్లకి సలాం చెయ్యడం ఆవిడకి అలవాటు. ఆ అలవాటు చేసింది ఎవరో, ఎంతమంది ఆవిడ చేత ఎన్నిసార్లు చేయించారో చెప్పాలంటే అదొక పెద్ద కథ.

మాస్టారు అప్పటికే గుమ్మం దాటబోతున్నారు. వెనక్కి తిరిగారు. మోకాళ్ల నొప్పి మర్చిపోయినట్టు పెద్ద పెద్ద అడుగులేసుకుంటూ వచ్చారు.

"దించు తల్లీ ఆ చెయ్యి," అన్నారు.

ఆవిడ దించింది.

ఆయన అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టారు. టైపు మిషను ఘల్లుమంది. ఇన్నేళ్లలో మాస్టారికి అంత కోపం రావడం పూర్ణచంద్రరావు చూడలేదు. స్కేలు పట్టుకున్న రోజుల్లో కూడా చూడలేదు.

"ఆవిడ కోసం తెరిచావా? నువ్వా? ఆ తలుపు చేసి పెట్టినవాడెవడో తెరిచే ఉంచి పంపాడు. తాళం వేసింది నువ్వు. నీ తాళం నువ్వు తీసుకున్నావు. అందుకు ఆవిడ నీకు సలాం కొట్టాలా?"

మాస్టారు ఇంకేమైనా అంటారేమోనని శిష్యుడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన గోడ పట్టుకుని మెట్ల వైపు నడిచారు. సైదాబీ ఆయన వెనకే వెళ్లి, తన భుజం అందించింది. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

పూర్ణచంద్రరావు మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ కంప్యూటరుని ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలేశాడు. తర్వాత పక్క కంప్యూటరు దగ్గరికి వెళ్లి, అక్కడ కూర్చున్న పిల్లతో మెల్లగా అన్నాడు.

"కొంచెం లేమ్మా."

సెట్టింగులు తెరిచి పాస్‌వర్డ్ కొట్టాడు. ఆ పని అయ్యాక దాని పక్కదాని దగ్గరికి వెళ్లాడు.